దంతపు ఫిడేలూ కర్ర ఫిడేలూ

సంగీత చరిత్ర రాసేవారు రాగాలను గురించి రాస్తారు, వాగ్గేయకారులను గురించి రాస్తారు, వారిని పోషించిన ప్రభువులను గురించి మరీ వివరంగా రాస్తారు. వాద్యం దగ్గరికి వచ్చేసరికి ఒక్క పేరా చాలుననుకుంటారు. వాద్యాన్ని తయారుచేసిన వడ్రంగికి ఆ పేరాలో కూడా చోటుండదు. కాని వాద్యం నాగలివంటిదే, మగ్గంవంటిదే. అదీ ఒక పనిముట్టే. కర్ర ఎక్కడిదో, చెక్కిన చేయి ఎవరిదో, కొన్న డబ్బు ఎక్కడనుంచి వచ్చిందో తెలియకుండా దాని చరిత్ర తెలియదు.

ఈ ప్రశ్నలను యూరపు దేశాల అలంకృత వాద్యాలను ముందుంచుకొని అడగాలని నా ఉద్దేశం. దంతం, తాబేటిచిప్ప, నల్లచేవ కర్ర, బంగారు రేకు పొదిగిన ఆ వాద్యాలు ఇవాళ పారిస్, లండన్, బ్రస్సెల్స్, న్యూయార్క్ మ్యూజియములలో అద్దాల వెనుక ఉన్నాయి. కృష్ణా డెల్టాలో పామిడిముక్కల ప్రాంతంవాడికి వాటితో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. పని ఉన్నది. ఆ అలంకారానికైన ఖర్చులో మన తీరపు నేతగాడి చెమట కొంత ఉన్నది. ఆ వాద్యాల నిరాడంబరమైన బంధువులు మన ఊళ్ళలోకి వచ్చి, మన కచేరీలలో, నాటకాలలో, పెళ్ళి ఊరేగింపులలో ఏళ్ళతరబడి పలికాయి. ఈ రెండు సంగతులనూ కలిపి చూడకపోతే మనకు రెండూ అర్థం కావు.

మొదట ఆ వాద్యాల సంగతి చూద్దాం. 16, 17 శతాబ్దాలలో ఆంట్వెర్ప్ నగరంలో రుకర్స్ అనే కుటుంబంవారు హార్ప్సికార్డులు చేసేవారు. మెట్లు నొక్కితే లోపల పక్షి ఈకముక్క తంత్రిని మీటే పెట్టె వాద్యం అది. ఆ కుటుంబపు పెద్ద హాన్స్ రుకర్స్ 1579లో సెయింట్ లూక్ వృత్తిసంఘంలో సభ్యుడయ్యాడు. ఆ సంఘం నిజానికి చిత్రకారులది. వాద్యం చేసేవాడు చిత్రకారుల సంఘంలో చేరాడంటేనే ఆనాటి పరిస్థితి తెలుస్తుంది. పెట్టె మూత లోపలివైపున చిత్రాలు వేయించేవారు. సంగీతం సంతోషానికి తోడనీ, బాధకు మందనీ అర్థం వచ్చే లాటిన్ మాటలు రాయించేవారు. తక్కిన చోట్ల కర్ర అచ్చులతో ముద్రించిన పూల కాగితాలు అతికించేవారు. మన పెడనలో బట్టమీద అద్దకం వేసే కర్ర అచ్చును చూసినవారికి ఆ కాగితాల పనితనం కొత్తగా కనిపించదు. రెండూ ఒకే రకపు ఉలి, ఒకే రకపు ఓర్పు.

హాంబర్గులో యోఆకిం టీల్కె 1719లో చనిపోయేదాకా దంతమూ తాబేటిచిప్పా పొదిగిన వయోలులూ గిటారులూ తయారుచేయించాడు. పారిస్‌లో వోబోం కుటుంబంవారు అటువంటి గిటారులే చేశారు. ఇటలీలో క్రెమోనా నివాసి ఆంటోనియో స్ట్రాడివారి, 1737లో మరణించినవాడు, చేసిన వాద్యాలలో సుమారు 650 మిగిలి ఉన్నాయి. వాటిలో అలంకారం పొదిగినవి పన్నెండుకు మించవు. స్పెయిన్ రాజుకోసమని తలపెట్టి చేసిన కొన్ని మాడ్రిడ్ రాజప్రాసాదంలో ఇప్పటికీ ఉన్నాయి. 650లో పన్నెండు! ఈ లెక్కను పాఠకులు మనస్సులో ఉంచుకోవాలి. ఆ మహాశిల్పి వాద్యానికి నాదమే ప్రాణమని తెలిసినవాడు. కొనేవాడు రాజైనప్పుడు మాత్రమే దంతం పొదిగాడు. ఆ దంతం వాద్యపు అవసరం కాదు, రాజు అవసరం.

ఆ దంతమూ ఆ నల్లచేవ కర్రా ఏనుగులు తిరగని యూరపుకు ఓడలలో వెళ్ళాయి. ఓడలను నడిపినవారు వర్తక కుంఫిణీలు. ఇక్కడే మన బందరు కథలోకి వస్తుంది.

బందరులో ఇవాళ తిరిగేవారు వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేర్లను మామూలుగా వాడుతుంటారు. వలందులంటే డచ్చివారు, పరాసులంటే ఫ్రెంచివారు. గోలకొండ సుల్తానుల కాలంలో 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు ఈ రేవులో కొట్లు పెట్టారు. వారు ప్రధానంగా ఆశించింది ఇక్కడి బట్ట. డచ్చివారికి కావలసిన లవంగాలు, జాజికాయలు తూర్పు దీవులలో దొరికేవి. ఆ దీవులవారు వెండికన్న మన తీరపు అద్దకపు బట్టనే ఇష్టపడి తీసుకునేవారు. కనుక ఇక్కడ బట్ట కొని, అక్కడ సుగంధద్రవ్యాలకు మార్చి, వాటిని ఆమ్‌స్టర్‌డాంలో ఎన్నో రెట్లకు అమ్మేవారు. ఆ లాభంతో వర్తకుడు ఇల్లు కట్టాడు, ఇంట్లో నల్లరాతి పలకలు పరిచాడు, గోడకు చిత్రపటం తగిలించాడు, కిటికీ పక్కన బొమ్మల పెట్టె వాద్యం పెట్టించాడు. ఆనాటి డచ్చి చిత్రకారుల పటాలలో ఈ గది మనకు పదేపదే కనిపిస్తుంది. వెర్మీర్ పటంలో మెట్లవాద్యం ముందు నిలబడిన యువతిని చూసి కళాభిమానులు ముగ్ధులవుతారు. నేనూ అవుతాను. కాని ఆ గదికి కనబడని గోడ ఒకటి ఉన్నది. దాని అవతల బందరు నేతగాడు బయానా అప్పులో కూరుకొని మగ్గం గుంటలో కూర్చొని ఉన్నాడు.

బట్ట ఒక్కటే కాదు. 17వ శతాబ్దంలో ఈ కోరమాండల్ తీరంలో కరువులు వచ్చినప్పుడు డచ్చివారు వేలమంది మనుషులను బానిసలుగా కొని, జావాలోని బటావియాకు ఓడలలో తరలించారు. అదే బటావియాలో ధనికులైన డచ్చివారి ఇళ్ళలో బానిసల వాద్యమేళాలుండేవి. దొర భోజనం చేస్తున్నంతసేపూ ఆ బానిసలు యూరపు వాద్యాలు వాయించేవారు. వాద్యం యజమానిదే, వాయించేవాడూ యజమాని సొత్తే! సంగీతం దేశకాలాలకూ వర్గాలకూ అతీతమైనదని వాదించే పెద్దలు ఈ భోజనశాలను ఒక్కసారి ఊహించుకోవాలని మనవి.

ఈ పద్ధతి 17వ శతాబ్దంతో ఆగలేదు. 19వ శతాబ్దంలో పియానో మధ్యతరగతి ఇంటి హోదాకు గుర్తయింది. పియానో మెట్లమీద పరిచే దంతపు రేకుకోసం తూర్పు ఆఫ్రికాలో ఏనుగులను చంపారు. ఆ దంతాలను లోతట్టు ప్రాంతాలనుంచి సముద్రపు ఒడ్డుకు మోసినవారిలో బానిసలెందరో ఉన్నారు. జాంజిబారు రేవులో ఓడకెక్కిన దంతం అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రానికి చేరేది. అక్కడ దంతపు మెట్లు కోసే కర్మాగారాల చుట్టూ పుట్టిన ఊరికి ‘ఐవరీటన్’ అనే పేరు స్థిరపడింది. దంతపు ఊరన్నమాట. ఆ ఊళ్ళో ఒక్క ఏనుగూ పుట్టలేదు.

ఇక రెండవ సంగతి. అలంకృత వాద్యం రాయబార వస్తువు కూడా. 1599లో ఇంగ్లండు రాణి ఎలిజబెత్తు పేర తుర్కీ సుల్తానుకు ఒక పెద్ద ఆర్గాను వెళ్ళింది. దానంతటదే మోగే గడియారపు ఆర్గాను అది. దాన్ని తయారుచేసిన టామస్ డాలం స్వయంగా వెంట వెళ్ళి ఇస్తాంబులు కోటలో బిగించి వచ్చాడు. కానుక రాణిదే అయినా ఖర్చు భరించింది తూర్పు మధ్యధరా వర్తకపు కుంఫిణీ. వర్తక హక్కులకు అది బయానా. అంతకుముందే 1580 ప్రాంతంలో గోవానుంచి అక్బరు కొలువుకు ఒక ఆర్గాను చేరింది. మనిషంత పెట్టెలో కూర్చొని ఒక యూరపువాడు దాన్ని వాయించాడని చరిత్రకారుడు బదాయూనీ రాశాడు.

1613లో జరిగిన సంగతి మరింత ఆలోచించదగినది. ఇంగ్లీషు కుంఫిణీ మనుషులు ఆగ్రాలో జహంగీరు ఎదుట రెండు వాద్యాలు వినిపించారు. ఒకటి వర్జినల్సు అనే చిన్న మెట్లవాద్యం. వాయించినవాడు లాన్స్‌లాట్ కానింగ్. చక్రవర్తికి అది రుచించలేదు. రెండవది కార్నెట్ అనే కర్ర కొమ్ము, ఊదినవాడు రాబర్ట్ ట్రల్లీ. చక్రవర్తి దాన్ని ఇష్టపడి, తానూ ఊది చూశాడు. ఖరీదైన పెట్టె ఓడిపోయింది, ఊదే కొమ్ము గెలిచింది. ఆ ట్రల్లీయే తరువాత కుంఫిణీని వదలి దక్కను సుల్తాను ఒకరి కొలువుకు పోయి, ముసల్మాను మతం పుచ్చుకొని, కొత్త పేరుతో అక్కడే స్థిరపడ్డాడు. కుంఫిణీ పుస్తకాలలో ఇతను దారితప్పినవాడు. నా లెక్కలో మాత్రం వాద్యకారుడు వర్తకుడినుంచి విడిపోయిన తొలి ఉదాహరణలలో ఇదొకటి.

అద్దానికి అటువైపు కథ కూడా ఉన్నది. మైసూరులో టిప్పు సుల్తాను చేయించుకున్న కర్రపులి యూరపు సిపాయి గొంతుమీద పడి కరుస్తూ ఉంటుంది. దాని పొట్టలో ఆర్గాను గొట్టాలున్నాయి. పిడి తిప్పితే పులి గాండ్రిస్తుంది, సిపాయి మూలుగుతాడు. యూరపు యంత్రాన్నే యూరపువాడిపై ఎదురు తిప్పిన వాద్యమది. 1799లో శ్రీరంగపట్నం పడిపోగానే కుంఫిణీవారు దాన్ని లండన్ తీసుకుపోయి, 1808నుంచి తమ కార్యాలయంలో వేడుకగా చూపించారు. ఇవాళ అది విక్టోరియా ఆల్బర్టు మ్యూజియంలో ఉన్నది. ధిక్కారంకూడా అద్దాల బీరువాలో చేరితే వినోదమే అవుతుందనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

అయితే ఈ చరిత్ర తెలుసుకున్న ఉత్సాహవంతులైన యువకులు కొందరు, ‘ఇదంతా దోపిడీ సొమ్ము, మనకెందుకు?’ అని తీసిపారేయవచ్చు. ఆ తొందర మంచిది కాదు. ఫ్రెంచి విప్లవం ఈ సమస్యను మనకన్న ముందే ఎదుర్కొన్నది. దేశం విడిచి పారిపోయినవారి, శిక్షపడినవారి ప్రభు భవనాలనుంచి విప్లవ ప్రభుత్వం వందలాది వాద్యాలను స్వాధీనం చేసుకున్నది. బ్రూనీ అనే సంగీతజ్ఞుడు ఇంటింటికీ తిరిగి పట్టిక రాశాడు. 1795లో పారిస్ సంగీత విద్యాలయం ఏర్పడింది. దానికి పునాది రాజుగారి ఆస్థాన సంగీతం కాదు, జాతీయ రక్షకదళపు బ్యాండు. వీథులలో, బహిరంగ ఉత్సవాలలో వేలమందికి వినబడవలసిన కాలంలో ఊదే వాద్యాలకు గౌరవం పెరిగింది. గదికి మాత్రమే చాలే హార్ప్సికార్డు వెనుకబడింది.

ఇంతవరకు చరిత్ర తన దారిన నడిచింది. కాని 1816లో, రాచరికం తిరిగి వచ్చిన రోజులలో, ఆ విద్యాలయంలో మిగిలిన హార్ప్సికార్డులు కొన్నిటిని తరగతి గదులు వెచ్చబెట్టుకోవడానికి కట్టెలుగా కాల్చారు. ఎవరికీ కోపమూ లేదు, ద్వేషమూ లేదు. పాతబడ్డాయి, చలివేసింది, అంతే. శత్రువు ధ్వంసం చేసినదానికన్న ఉదాసీనుడు కాల్చివేసింది ఎక్కువ. ఆ బూడిదలో ప్రభువు హోదా మాత్రమే లేదు. పేరు తెలియని చిత్రకారుని కుంచె, పెట్టె అతికిన వడ్రంగి అంచనా, ఈకముక్కలు చెక్కిన కుర్రవాని కంటిచూపు కూడా ఉన్నాయి. అలంకారం యజమాని కోరికే అయినా, పనితనం పనివాడిది. ఈ రెంటినీ వేరుచేసి చూడడం నేర్చుకోనంతవరకు మన విమర్శ సగమే.

ఇప్పుడు మన దక్షిణాదికి వద్దాం. 1834లో తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ తంజావూరు వడివేలుకు దంతపు ఫిడేలు బహూకరించాడు. వడివేలు నట్టువ కుటుంబంవాడు. చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అన్నదమ్ములు నలుగురూ నాట్యానికి వర్ణాలు కూర్చినవారు, వాటిలో తెలుగు రచనలెన్నో ఉన్నాయి. ఆ బహుమానం ఘనతను నేను తక్కువ చేయను. రాజు ఒక నట్టువనారు విద్యను గుర్తించాడు. అయినా తరువాతి రెండు వందల ఏళ్ళ చరిత్రను మార్చింది ఆ దంతపు ఫిడేలు కాదు, కర్ర ఫిడేలు.

కర్ర ఫిడేలు మన సంగీతంలోకి వచ్చింది కుంఫిణీ కోట నీడలోనే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసులో, కుంఫిణీకి దుబాషీలుగా పనిచేసిన మణలి మొదలియార్ల ఆదరణలో ఉండగా, యూరపు వాద్యకారుని దగ్గర దాన్ని నేర్చుకున్నాడు. తరువాత జరిగిన మార్పును గమనించండి. యూరపువాడు ఫిడేలును గడ్డం కింద నొక్కి నిలబడి వాయిస్తాడు. మనవాడు నేలమీద కూర్చున్నాడు. వాద్యాన్ని గుండెకు ఆనించి, దాని తలను కుడి చీలమండమీద నిలబెట్టాడు. తంత్రుల శ్రుతిని షడ్జ పంచమాలకు మార్చాడు. చేయి స్వేచ్ఛగా తంత్రిపై జారడం మొదలుపెట్టింది, గమకం పలికింది.

ఫిడేలు తలదగ్గర చుట్ట చుట్టినట్లు ఒక చెక్కడముంటుంది. యూరపులో అది కేవలం అలంకారం. మనవాడు దాన్ని కాలిమీద ఊతం చేసుకున్నాడు. సాదా ఫిడేలుకు మిగిలిన ఆ కాస్త అలంకారం ఇక్కడికి వచ్చి పనిలో చేరింది! ఫిడేలు అంచువెంట సన్నని నల్లగీత పొదిగి ఉంటుంది. అది అందమే కాదు, అంచు చిట్లితే ఆ బీట లోపలికి పాకకుండా ఆపుతుంది. అందం పనికి అడ్డురాకపోవడమే కాక పనికి సాయపడే చోట పనివాడి బుద్ధి కనబడుతుంది. పనిని మింగి కూర్చున్న అందంలో కొన్నవాడి డబ్బు కనబడుతుంది. అలంకారాన్ని తూచడానికి ఇంతకన్న మంచి తూనిక నాకు దొరకలేదు.

విజయనగరంలో 1919లో ఏర్పడిన సంగీత కళాశాలకు ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893–1964) విద్యార్థిగా చేరబోతే, ఆదిభట్ల నారాయణదాసుగారి అధ్యక్షతన ఉన్న ఆ కళాశాల ఆయనను ఆచార్యునిగా తీసుకున్నది. 1936లో ఆయనే అధ్యక్షుడయ్యారు. గాత్రం వెనుక నడిచే ఫిడేలును కచేరీ మధ్యకు తెచ్చి ఒంటరిగా వినిపించారు. 1952లో భారతదేశానికి వచ్చిన యెహుదీ మెనూహిన్ ఆయన వాయిద్యం విని మెచ్చుకున్నాడు. లోకం ఆయనను ‘ఫిడేలు నాయుడుగారు’ అన్నది. పరాయి వాద్యం తెలుగు ఇంటిపేరంత దగ్గరైంది. మన కృష్ణాతీరంలో శ్రీకాకుళ గ్రామానికి చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి (1883–1951) శిష్యులలో బాలమురళీకృష్ణగారు వయోలా వాయించారు, అన్నవరపు రామస్వామిగారు ఫిడేలునే జీవితం చేసుకున్నారు. పామిడిముక్కలకు కొద్ది మైళ్ళలో ఉన్న కూచిపూడి మేళంలో ఫిడేలూ క్లారినెట్టూ మృదంగం పక్కన కూర్చున్నాయి. ఎవరూ వాటిని పరాయివని లేపలేదు.

మన ఊళ్ళకు వచ్చిన ఈ ఫిడేళ్ళు ఎక్కడివి? క్రెమోనావి కావు. 19వ శతాబ్దం చివరా 20వ శతాబ్దం మొదటా ప్రపంచానికి చవక ఫిడేళ్ళు పంపినవి జర్మనీలో మార్క్‌నోయికిర్చెన్, ఫ్రాన్సులో మీర్కూర్. మార్క్‌నోయికిర్చెన్ చుట్టుపక్కల పల్లెలలో ఒక ఇల్లు మెడలు చెక్కేది, ఒక ఇల్లు పలకలు గోకేది, మరో ఇల్లు బిరడాలు చేసేది. టోకు వర్తకుడు ముక్కకింత అని ఇచ్చి, అన్నీ కూర్పించి ఎగుమతి చేసేవాడు. వర్తకం ఎంత పెరిగిందంటే 1893లో అమెరికా ప్రభుత్వం ఆ చిన్న పట్టణంలో కాన్సలు కార్యాలయం తెరిచింది. వర్తకులు లక్షాధికారులయ్యారు, చెక్కినవారు కూలికి చెక్కుతూనే ఉన్నారు. చిలకలపూడి రోల్డుగోల్డు పనిలో ఇళ్ళలో కూర్చొని ముక్కలు అతికే ఆడవారిని చూసినవారికి ఈ పద్ధతిని వేరే వివరించనక్కరలేదు.

ఆ వర్తకులే ఎన్నో ఫిడేళ్ళ పొట్టలలో ‘ఆంటోనియస్ స్ట్రాడివేరియస్’ అనే చీటీ అతికించి పంపారు. ఈ మధ్య మా ప్రాంతంలో ఒక ఉపాధ్యాయుడు తన తాతగారి ఫిడేలు చూపించి, లోపలి చీటీ చదవమన్నాడు. చీటీమీద క్రెమోనా పేరున్నది, పదిహేడు వందల చిల్లర సంవత్సరమూ ఉన్నది. 2011లో ‘లేడీ బ్లంట్’ అనే 1721 నాటి స్ట్రాడివారి ఫిడేలు వేలంలో ఒక కోటీ 59 లక్షల డాలర్లు పలికిందని, ఆ సొమ్ము జపాను సునామీ బాధితుల సహాయానికి వెళ్ళిందని అతడు చదివి ఉన్నాడు. అతడి ఆశ నాకు అర్థమైంది. నేను ఫిడేలును వెలుగులోకి తిప్పి, పక్కపలక లోపలివైపు ఉలి గీతలు చూపించాను. తొందరగా, సమానంగా, తడుముకోకుండా గీసిన గీతలవి. రోజుకు ఇన్ని అని చేసినవాడి చేయి అది. ‘ఇది స్ట్రాడివారిది కాదు. పేరు రాసుకునే హక్కులేని ఒక పనివాడిది. మీ తాతగారు ముప్ఫై ఏళ్ళు వాయించారంటున్నారుగదా, ఆ పనివాడు తన పని సరిగా చేశాడన్నమాట’ అన్నాను. అతడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, తంత్రులు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

స్ట్రాడివారి చేసినవాటిలోనే ‘మెస్సయ్య’ అనే 1716 నాటి ఫిడేలు ఆక్స్‌ఫర్డు మ్యూజియంలో ఉన్నది. వాయించకుండా కొత్తదానిలా కాపాడాలని దాతలు దాన్ని అక్కడ ఉంచారు. భావితరాల శిల్పులకు అది కొలబద్దగా ఉపయోగపడుతుందన్న మాట నిజమే. కాని లోకంలో అతి ప్రసిద్ధమైన ఫిడేలు మూగదై ఉండడం, పేరులేని కర్ర ఫిడేలు ఒక పల్లెటూరిలో ముప్ఫై ఏళ్ళు పలకడం – ఈ రెంటిలో ఫిడేలు జీవితం ఏది?

హార్మోనియం కథ ఇంకా సూటిగా మన కథ. పారిస్‌లో అలెగ్జాండ్ర్ దెబెన్ 1842లో దానికి హక్కుపత్రం పొందాడు. పైపు ఆర్గాను కొనలేని చిన్న చర్చికీ, పియానో కొనలేని ఇంటికీ అది చవక బదులు. ఎండకూ ఉక్కకూ పియానోవలె శ్రుతి తప్పదు గనుక మిషనరీలు దాన్ని వెంట తెచ్చుకున్నారు. బందరులో క్రైస్తవ మిషను 1841లో మొదలైంది. అదే శతాబ్దం చివరి పాదంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ కాళ్ళతో తొక్కే పెట్టెను చేత్తో తిత్తి ఊదే చిన్నపెట్టెగా మార్చాడు. నేలమీద కూర్చొని వాయించుకునే వీలు కలిగింది. మన నాటకరంగం మాత్రం కాళ్ళ హార్మోనియాన్నీ వదలలేదు. 1885లో పుట్టిన సురభివారు మొదలు, తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలు ఆడిన ప్రతి సమాజమూ దానిమీదనే ఆధారపడింది. చెళ్ళపిళ్ళవారు ఉద్యోగం చేసిన బందరుకు చుట్టుపక్కల ఊళ్ళలో నా చిన్నతనంలో కూడా కృష్ణుడెవరన్నది ఎంత ముఖ్యమో హార్మోనిస్టు ఎవరన్నదీ అంత ముఖ్యం. పద్యం ఎత్తుకోబోయే నటుడి గొంతు చూసి శ్రుతి దించేవాడు ఆయనే. రాగం మధ్యలో ఊపిరి చాలకపోతే తిత్తి ఊపిరి అందించేవాడూ ఆయనే.

పెద్దలు ఈ పెట్టెను అంగీకరించలేదు. 1940 మార్చి 1నుంచి ఆకాశవాణి దాన్ని నిషేధించింది. రవీంద్రుడంతటివాడు దాన్ని వ్యతిరేకించాడు. నిషేధం సడలింది 1971లో. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం ప్రారంభమైన నాటికి డెల్టా ఊళ్ళన్నీ హార్మోనియంతో మారుమోగుతున్నాయి, రేడియోలో మాత్రం ఆ ధ్వని లేదు. వ్యతిరేకుల వాదం ఉత్త ద్వేషం కాదు. హార్మోనియం మెట్లకు స్వరస్థానాలు బిగించి ఉంటాయి, మెట్టునుంచి మెట్టుకు జారడం సాధ్యంకాదు, గమకం పలకదు. ఇది శాస్త్రీయమైన అభ్యంతరం, దీన్ని ఒప్పుకోవాలి. కాని గమకం పలకని వాద్యానికి కచేరీలో చోటు తక్కువంటే సరిపోయేదానికి, అసలు ఆ వాద్యమే వినబడకూడదనడంలో వేరే భావం కనబడుతుంది. గురుకులానికి పోలేనివాడు, వీణ కొనలేనివాడు, కచేరీ సభలో ముందు వరుసకు రానివ్వబడనివాడు – వీరందరి చేతిలో ఉన్న వాద్యం అది. మాలపల్లె చర్చిలో అదే, నాటకం పాకలో అదే, భజన మందిరంలో అదే. క్లారినెట్టుదీ ఇటువంటి కథే. నట్టువమేళంలో అది సంప్రదాయమయింది, పెళ్ళి ఊరేగింపు బ్యాండులో అది ‘బ్యాండువాళ్ళ’ వాద్యమయింది. అదే గొట్టం, అవే మెట్లు. మారింది ఊదేవాడి కులం.

పామిడిముక్కల మండలంలో వీరంకిలాకు అనే ఊరున్నది. కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయి, కాలువలు పారి, పడవలు దాటడానికి లాకులు కట్టిన తరువాత ఇంగ్లీషు మాట మన ఊరిపేరులో కలిసిపోయింది. ఆనకట్టను కుంఫిణీ కట్టించింది తన శిస్తు కోసమే. రాళ్ళు మోసిందీ, మట్టి తవ్విందీ మన కూలీలు. కనుక లాకు మనది. ఫిడేలూ హార్మోనియమూ మనవి కావడానికీ ఇదే న్యాయం. ఎవరు తెచ్చారన్నది చరిత్రలో మొదటి వాక్యం మాత్రమే. తరువాత ఎవరు పని చేశారన్నదే హక్కును తేలుస్తుంది.

ఇవాళ ఆ హక్కుకు ప్రమాదం వచ్చింది. కీబోర్డు వచ్చి హార్మోనిస్టును లేపింది. ఒక యంత్రం మరొకదాన్ని తోసేయడం సహజమే, దాన్ని నేను తప్పుపట్టను. నాకు బాధ కలిగించేది వేరు. పలకని హార్మోనియంను తుడిచి, మెరుగుపెట్టి, గ్రామఫోను పక్కన హోటలు ముందరగదిలో పెడుతున్నారు. బొబ్బిలి వీణ పనివారు వాయించే వీణలకన్న బీరువాలో పెట్టుకునే బుల్లి వీణలను ఎక్కువగా చేయవలసి వస్తున్నది. సన్మానసభలలో వాటినే చేతిలో పెడుతున్నారు. రాజు దంతం పొదిగించి వాద్యాన్ని హోదాగా మార్చాడు. మన కాలం అంత ఖర్చుకూడా పెట్టకుండా, నాదం తీసివేసి అదే పని చేస్తున్నది. అప్పుడు అలంకారం వాద్యంమీద ఉండేది. ఇప్పుడు వాద్యమే అలంకారమైంది.

ఉపాధ్యాయ మిత్రులకూ విద్యార్థులకూ నా సూచన ఒక్కటే. బ్రూనీ ప్రభువుల ఇళ్ళలో పట్టిక రాసినట్లు మనం మన ఊళ్ళలో పట్టిక రాయాలి. ఏ ఇంట్లో ఏ ఫిడేలున్నది, ఏ సమాజానికి ఏ హార్మోనియం ఉండేది, ఎవరు వాయించారు, రీడ్లు ఎవరు సరిచేశారు, బ్యాండులో మొదటి క్లారినెట్టు ఎవరిది – ఆ పేర్లు తెలిసిన వృద్ధులు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. పట్టికతో ఆగకూడదు. పారిస్ విద్యాలయంలో పట్టిక అయిన తరువాతే కట్టెలు కాలాయి. కనుక తిత్తి చిరిగినదానికి తిత్తి కుట్టించాలి, తంత్రి తెగినదానికి తంత్రి వేయించాలి, రీడ్లు సరిచేసే పనివాడి పక్కన ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టాలి. పాఠశాలలో వారానికి ఒక్క గంటయినా ఆ పెట్టె మూత తెరవాలి. వాద్యం దుమ్ముపట్టకుండా ఉండాలంటే దానికి గుడ్డ చాలదు, చేయి కావాలి.